సబ్బు పెట్టెకూ గోడ మీద చోటు

బూర్గంపహాడ్: గోదావరి ఒడ్డు పల్లెల్లో, అడవి అంచు గూడేల్లో మట్టి గోడల ఇళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. తల వంచి లోపలికి అడుగు పెడితే మొదట ఏమీ కనిపించదు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక ఒక్కొక్కటే తేలుతుంది. ఎడమ తొడపై సీతమ్మను కూర్చోబెట్టుకున్న భద్రాద్రి రాముడి పటం, దాని పక్కన టీ పొడి కంపెనీ క్యాలెండరు, కింద వరుసగా అంటించిన అగ్గిపెట్టె బొమ్మలు, విప్పి పరిచిన సబ్బు పెట్టె అట్ట, ఎరువుల కంపెనీ వారి పచ్చని వరి చేను. దేవుడిదీ సరుకుదీ ఒకటే వరుస.

ఇదేం సోకు అని పట్నం చుట్టాలు నవ్వుతుంటారు. సరుకుల బొమ్మలను గోడకు పెట్టుకునే ఈ పనికే అమెరికాలో పాప్ ఆర్ట్ అని పేరు పెట్టి, కోట్లు పోసి కొన్నారని చెబితే మన రచ్చబండ దగ్గర ఎవరూ నమ్మరు. కానీ జరిగిన సంగతే.

ఆండీ వార్హోల్ అనే చిత్రకారుడు 1962లో లాస్ ఏంజిలిస్‌లో ఒక ప్రదర్శన పెట్టాడు. అక్కడ కొట్లలో డబ్బాల్లో అమ్మే సూప్, అంటే మన చారు వంటిది, 32 రకాలు ఉండేది. రకానికి ఒకటి చొప్పున 32 డబ్బాల బొమ్మలు వేసి, కిరాణా కొట్టులో సరుకు పేర్చినట్టే సన్నని చెక్క మీద వరుసగా నిలబెట్టాడు. చూసిన వారిలో చాలామంది వేళాకోళం చేశారు. ప్రదర్శనశాల నడిపే ఆయన మాత్రం 32 బొమ్మలూ విడిపోకూడదని తానే వెయ్యి డాలర్లకు, అదీ నెలకు వంద చొప్పున వాయిదాల మీద, తీసుకున్నాడు. 1996లో అవే బొమ్మలు సుమారు కోటిన్నర డాలర్ల విలువ కట్టించుకుని న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియానికి చేరాయి. 1968లో వార్హోల్ ఆ డబ్బాలనే కాగితం మీద అచ్చు వేశాడు. వాటిని కొనుక్కుని ఇళ్లలో తగిలించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అచ్చు వేసిన పద్ధతి మనకు కొత్త కాదు. పెళ్లి పత్రికలకు వాడే స్క్రీన్ ప్రింటింగే. చట్రానికి బిగించిన సన్నని గుడ్డ మీదుగా రబ్బరు పట్టీతో రంగు లాగడం, అంతే.

ఆయనే 1964లో గిన్నెలు తోమే పీచు కంపెనీ వారి అట్టపెట్టెలను చెక్కతో చేయించి, పైన అచ్చంగా అదే బొమ్మ వేసి పేర్చాడు. ఇక్కడొక సంగతి ఉంది. ఆ పెట్టె మీది బొమ్మను కంపెనీ కోసం మొదట గీసింది జేమ్స్ హార్వే అనే మరొక చిత్రకారుడు. పొట్ట కోసం పెట్టెలు గీస్తూ, తన సొంత బొమ్మలు వేరే వేసుకునేవాడు. 1965లోనే కన్నుమూశాడు. పేరూ డబ్బూ పెట్టెను తిరిగి చేసినవాడికి వచ్చాయి గానీ గీసినవాడికి రాలేదు.

మన గోడల మీది బొమ్మలదీ అదే కథ. వీటిలో చాలా వరకు తమిళనాడులోని శివకాశిలో అచ్చయినవి. కోవిల్‌పట్టికి చెందిన కొండయ్యరాజు వంటి కొద్దిమంది సంతకం దేవుడి పటాల మూలన కనిపిస్తుంది. అగ్గిపెట్టె మీద పులిని గీసినవాడెవరో, బీడీ కట్ట మీద చిలకను దిద్దినవాడెవరో ఎవరికీ తెలియదు.

బొమ్మ ఇంటికి వచ్చిన దారి

అచ్చు బొమ్మలు రాకముందు దేవుడి రూపం చూడాలంటే గుడికి పోవాలి. గుడిలోకి రానివ్వని కులాల వారికి ఆ భాగ్యమూ లేదు. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి లక్ష్మిని, సరస్వతిని రంగుల కాగితం మీదికి తెచ్చాడు. నాలుగు డబ్బులు పెట్టగలిగిన వారి ఇంటికల్లా దేవుడు నడిచి వచ్చాడు. ఆ వెనకే వ్యాపారులు వచ్చారు. దేవుడి బొమ్మ కింద తమ సరుకు పేరు, దాని కింద తేదీలు వేసి పంచిపెట్టారు. ఏడాది దాటాక తేదీలు చింపేసి బొమ్మను ఉంచుకోవడం మనవాళ్లు చేసిన పని.

మన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం పచ్చటి సీసా, హైదరాబాద్‌లో తయారైన చార్మినార్ సిగరెట్ పెట్టె, ఈత చెట్టు లాంటి చెట్టు బొమ్మ ఉన్న డాల్డా డబ్బా... ఇవన్నీ అక్షరం రాని వారు కూడా బొమ్మను బట్టే అడిగి కొన్నవి. పసిపిల్లల గ్రైప్‌వాటర్ సీసా మీద పాములను పట్టుకున్న బాలుడు గ్రీకుల వీరుడు హెర్క్యులిస్. మన అమ్మమ్మలు మాత్రం చిన్ని కృష్ణుడే అనుకున్నారు. తప్పేముంది?

ఈ విలేకరి చిన్నప్పుడు కూడబలుక్కుని చదివిన మొదటి మాటలు వాచకంలోవి కావు. పడుకునే చోట తల పక్కన గోడకున్న బీడీ కట్ట కాగితంలోవి. వేసవిలో మన ఆడవాళ్లు తునికాకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పగిస్తారు. ఆ ఆకు ఎక్కడికో పోయి బీడీ అవుతుంది. యజమాని ఫొటో ఉన్న కాగితం చుట్టుకుని మళ్లీ మన సంతకే వస్తుంది.

కర్ర సంగతీ అంతే. 1979 నుంచి సారపాకలో అట్టల మిల్లు నడుస్తోంది. మన రైతులు వేసిన జామాయిల్, సుబాబుల్ కర్ర లారీలకెక్కి అక్కడికి చేరుతుంది. గుజ్జయి, అట్టయి, ఎక్కడో అచ్చు పడి సరుకుల పెట్టె అవుతుంది. మన గోడ మీది సబ్బు పెట్టెలో మన ఊరి కర్ర ఉన్నా ఆశ్చర్యం లేదు. అమెరికా ఆయన చెక్కతో అట్టపెట్టె చేస్తే వింత అన్నారు. మన దగ్గర చెక్కే అట్టపెట్టె అయి వస్తుంటే ఎవరూ తిరిగి చూడరు.

క్యాలెండరు వెనుక బాకీ కూడా ఉంది. కొత్త సంవత్సరానికి షావుకారు క్యాలెండరు ఊరికే ఇచ్చేవాడు కాదు. ఖాతా ఉన్నవారికే ఇచ్చేవాడు. ఎవరి గోడకు ఏ కొట్టు పేరుందో చూస్తే ఎవరు ఎవరికి బాకీ పడ్డారో ఊరంతటికీ తెలిసిపోయేది. అందుకే కొందరు కొట్టు పేరున్న అడుగు భాగాన్ని కత్తిరించి మరీ తగిలించేవారు.

నీళ్లు తీసుకుపోయినవి

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు వచ్చింది. వరదలో మట్టి గోడ కరిగితే దానికి అంటించిన బొమ్మ మిగలదు. అటు కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పోలవరం ముంపు ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకు వెళ్లినవారు బియ్యం, మంచాలు, కోళ్లు మోసుకుపోయారు. గోడకు అంటించినది ఎలా పీకుతారు? ఇక మిగిలినవి ఏటా భోగి మంటల్లోకి పోతున్నాయి.

ఉంచుకోదలచిన వారికి రెండు మాటలు. ఉత్త మైదా గంజి పురుగులకు విందు. పుస్తకాలు కుట్టేవారు అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలకు అందనివ్వరాదు. అసలు అంటించకుండా అద్దం పటం కట్టించి, వెనుక గాలి ఆడేలా గోడకు కాస్త ఎడంగా వేలాడదీయడం మేలు. ఎండ పొడ తగిలే చోట వద్దు. ఎరుపు, పసుపు ముందు వెలిసిపోయి నీలం ఒక్కటే మిగులుతుంది.

ఈ ప్రాంతంలోనే ఒక గూడెంలో ఒక అవ్వకు కొత్తగా స్లాబు ఇల్లు వచ్చింది. పాత ఇంటి నుంచి ఆమె వెంట తెచ్చుకున్న పటం ఒకటే. ఒక సబ్బు కంపెనీ క్యాలెండరు, పాపను ఎత్తుకున్న తల్లి బొమ్మ. తేదీలు ఎప్పుడో చిరిగిపోయాయి.

"ఎవరవ్వా ఈమె?" అని అడిగితే "ఎవరో ఏమో బిడ్డా. నా పెద్ద బిడ్డ పుట్టిన ఏడు వచ్చింది" అంది.

మట్టి గోడకైతే వెదురు మేకు చాలేది. సిమెంటు గోడకు కొడితే మూడు మేకులు వంగిపోయాయట. చివరకు కిటికీ ఊచకు పురికొస కట్టి వేలాడదీసింది. గాలి వీచినప్పుడల్లా అది అటు తిరిగిపోతోంది. అవ్వ లేచి మళ్లీ ఇటు తిప్పుతోంది.