రాజు లేని దేశంలో ‘రాయల్’ సంస్థలు

డబ్లిన్ వీధుల్లో పాత తపాలా పెట్టెలు ఆకుపచ్చగా ఉంటాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ రంగు కింద విక్టోరియా రాణి, ఎడ్వర్డ్ రాజుల పేర్ల పొడి అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. 1922లో ఐరిష్ స్వేచ్ఛా రాజ్యం ఏర్పడినప్పుడు ఎర్ర రంగు మార్చారు గాని, పెట్టెలను పీకివేయలేదు.

1949 ఏప్రిల్ 18న ఐర్లాండ్ గణతంత్రమై, కామన్‌వెల్త్ నుంచి కూడా వైదొలగింది. అయినా రాయల్ ఐరిష్ అకాడమీ, రాయల్ డబ్లిన్ సొసైటీ, రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ నేటికీ అవే పేర్లతో పనిచేస్తున్నాయి. ఆయుధం పట్టి స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశం ఈ మాటను ఎందుకు ఉంచుకుంది?

ముందు, ఏది తీసివేశారో చూద్దాం. రాజు పేరిట జనాన్ని అదుపు చేసిన రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ అనే పోలీసు దళం 1922లో రద్దయింది. అంతకుముందే, 1920లో, కింగ్స్‌టౌన్ రేవు డన్ లీరిగా, క్వీన్స్‌టౌన్ కోవ్‌గా మారాయి.

విద్యాసంస్థల సంగతి వేరు. సర్జన్ల కాలేజీకి 1784లో, అకాడమీకి 1786లో మూడవ జార్జి రాజు చార్టర్లు ఇచ్చాడు. చార్టర్ అంటే రాజముద్ర ఉన్న సనదు. సంస్థకు అది జన్మపత్రం వంటిది. కొందరు వ్యక్తుల సమూహం దానివల్ల చట్టం దృష్టిలో ఒకే వ్యక్తి అవుతుంది. ఆస్తి కలిగి ఉండవచ్చు, దావా వేయవచ్చు. కొత్త రాజ్యం పాత చట్టాలను, తన రాజ్యాంగానికి విరుద్ధం కానంతవరకు, కొనసాగించింది. కాబట్టి ఈ సంస్థలు మళ్ళీ పుట్టవలసిన అవసరం రాలేదు. 1937 రాజ్యాంగం ప్రభుత్వం ఎవరికీ ప్రభు బిరుదులు ఇవ్వరాదన్నది. ఆ నిషేధం మనుషుల బిరుదులకే గాని సంస్థల పేర్లకు కాదు.

మరి ఇది దాస్యపు గుర్తు కాదా? అదే సర్జన్ల కాలేజీ భవనాన్ని 1916 తిరుగుబాటుదారులు ఆక్రమించారు. దాని స్తంభాలపై తూటాల గుర్తులు నేటికీ ఉన్నాయి. 2003లో ఆ కాలేజీ చార్టర్‌ను సవరించింది లండన్ రాజు కాదు, డబ్లిన్ పార్లమెంటు.

మరో సంగతి. 1843 అక్టోబర్ 16న గణితవేత్త హామిల్టన్ ఈ రాయల్ అకాడమీ సమావేశానికి రాయల్ కాలువ గట్టున నడిచి వెళ్తున్నాడు. దారిలో బ్రూమ్ వంతెన దగ్గర ఆయనకు క్వాటర్నియన్ల సూత్రం తట్టింది. 1916లో పోరాడిన డి వలేరా ఒకప్పుడు గణిత ఉపాధ్యాయుడు. 1958లో ఆ వంతెనపై స్మారక ఫలకాన్ని ఆవిష్కరించింది ఆయనే.

మన దేశం కొన్నిచోట్ల మరో దారి పట్టింది. మన నౌకాదళం 1950లో ‘రాయల్’ను వదిలింది. 1936లో ఆ మాటను చేర్చుకున్న కలకత్తా ఏషియాటిక్ సొసైటీ 1951లో తీసివేసింది. కలకత్తా టర్ఫ్ క్లబ్ మాత్రం ఇంకా ‘రాయల్’గానే ఉంది.

కనుక ఇటువంటి పేరు ఎక్కడైనా కనిపిస్తే, అది ఎవరిచ్చినదో తెలుసుకుని అక్కడే ఆగకండి. ఆ సంస్థ నియమాలను ఈనాడు మార్చగల అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా అడగండి. స్వాతంత్ర్యం సంగతి ఆ జవాబులో తెలుస్తుంది.