టార్చిలైటు – నాడు, నేడు

అనంతపురము నుండి కదిరికి పోవు దారిలో ముదిగుబ్బ కలదు. ఒకప్పుడు అనంతపురము జిల్లాలోనిదైన ఈ ఊరు 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. వానలు అరుదైన ఆ మెట్టసీమలో వేరుసెనగ ముఖ్యమైన పంట. నీటికి బోరుబావియే దిక్కు. మోటార్లకు కరెంటును పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలుగా ఇచ్చిన ఏండ్లలో రైతు నడిరేయి లేచి చేనికి పోవలసివచ్చెడిది. మడవ త్రిప్పుటకు భుజముపై పార. దారి చూచుటకు చేత బ్యాటరీలైటు. గనిమలమీద కట్లపాము తిరుగును. రక్తపింజర కదలక పడియుండును. దాని మచ్చలు ఎండుటాకులలో కలిసిపోవును. అడుగు మోపకముందే దానిని చూపగల వెలుగు చేతిలో నున్నదా, లేదా? అది ప్రాణముతో ముడిపడిన ప్రశ్న.

ఆ చేతిదీపము పుట్టి నూరేండ్లు దాటినది. గొట్టములో సెల్లులను వరుసగా పేర్చి, ఒక కొనను బల్బు నమర్చిన దీపమునకు డేవిడ్ మిసెల్ అనునతడు 1899లో అమెరికాలో పేటెంటు పొందెను. అప్పటి సెల్లులు బలహీనములు. వెలుగు క్షణకాలము మెరసి ఆగిపోయెడిది. బల్బులోని బొగ్గుతీగెయు త్వరగా చెడెడిది. టంగ్‌స్టను లోహమును సన్నని తీగెగా సాగదీయు ఉపాయమును 1910 ప్రాంతమున విలియం కూలిడ్జ్ సాధించిన పిమ్మట బల్బునకు బలము వచ్చెను.

అయినను ఆ బల్బు వెలుగు విధానమే దుబారాతో కూడినది. విద్యుత్తు పారగా తీగె 2,000 డిగ్రీలకు మించి కాగును. అంత కాగినప్పుడే తెల్లగా వెలుగును. ఖర్చయిన శక్తిలో పదింట తొమ్మిది పాళ్లకు పైగా వేడియై పోవును. దానిని దీపమనుట కంటె చిన్న కుంపటి యనుట న్యాయము.

ఊళ్లలోని పాత టార్చిలైట్లు ఇత్తడి గొట్టముతో, నికెలు పూతతో మెరసెడివి. తీగె తెగినచో వెంటనే మార్చుటకు అడుగుమూతలో ఇంకొక బల్బును దాచెడివారు. సెల్లులు వాడినకొలది వెలుగు పసుపై, ఎఱ్ఱబడి, తుదకు మిణుగురంత మిగిలెడిది. అప్పుడు సెల్లులను ఎండబెట్టెడివారు. ఆ వేడిమికి లోపలి రసాయనిక చర్య కొంత వేగము పొంది, అవి మరికొంతసేపు వెలుగు నిచ్చెడివి. పూర్తిగా చచ్చిన సెల్లును పగులగొట్టి లోని బొగ్గుకడ్డీతో పిల్లలు గోడలపై గీతలు గీసెడివారు! కొత్త సెల్లులకు రూకలు కావలెను గనుక రైతు దీపమును వెలిగించుచు, ఆర్పుచు నడిచెడివాడు. ఆర్పిన ఆ నాలుగడుగులలోనే అపాయము పొంచియుండెడిది.

ఎల్.ఇ.డి. దీపములో కాగు తీగెయే లేదు. అందొక చిన్న స్ఫటికపు తునుక యుండును. దానిలో ఒకవైపు ఎలక్ట్రానులు అధికము. రెండవవైపు వాటికి ఖాళీచోట్లు అధికము. సెల్లు తోయగా ఎలక్ట్రానులు హద్దు దాటి ఆ ఖాళీలలో పడును. పడునప్పుడు విడిచిన శక్తియే వెలుగు. కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగు నిచ్చు ఎల్.ఇ.డి.ని 1962లో నిక్ హోలోన్యాక్ నిర్మించెను. కాని ఎఱుపుతో దారి తెలియదు. తెల్లని వెలుగునకు నీలము కావలెను. ఆ నీలమే ముప్పది యేండ్లు చిక్కలేదు. గాలియం నైట్రైడు స్ఫటికమును దోషములేక పెంచుట అంత కష్టమైన పని. జపానులో అకసాకి, అమానో, నకమురా పట్టువిడువక శ్రమించి దానిని సాధించిరి. ముగ్గురకును 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. నీలి తునుకపై పసుపుకాంతి నిచ్చు పొడిని పూయగా, నీలము పసుపు కలిసి కంటికి తెలుపుగా తోచును.

అదే విద్యుత్తుతో పాత బల్బు కంటె ఈ దీపము సుమారు పది రెట్లు వెలుగు నీయగలదు. క్రిందపడినను తెగుటకు తీగె లేదు. సెల్లుల బెంగ లేక దారిపొడవునను వెలిగించి నడువవచ్చును. నుదుటికి కట్టుకొను దీపములును వచ్చినవి. రెండు చేతులును పారకే మిగులును.

కొత్తదానికి లోపములు లేకపోలేదు. చౌకరకపు ఛార్జింగు దీపములలో ఎల్.ఇ.డి. చెడక మునుపే లోపలి బ్యాటరీ చెడును. విప్పి మార్చుటకు వీలులేక దీపమునంతను పారవేయుదురు. పాత టార్చిలైటు ఎఱ్ఱబడుచు ముందుగా హెచ్చరించెడిది. కొత్తవానిలో కొన్ని చెప్పకయే ఆరిపోవును. పాత మరలోనే సరిగా బిగియు ఎల్.ఇ.డి. బల్బులును కలవు. అటకమీది ఇత్తడి గొట్టమును దింపి, తుడిచి, అట్టి బల్బును రెండు సెల్లులను వేసినచో, తాతగారి టార్చిలైటే మరల చేనిదారి చూపును.