ఇంగ్లీషు డిక్షనరీలో మన ఊరి మాటలు



వేసవి సెలవులలో పట్నం నుండి వచ్చిన పిల్లలు స్క్రాబుల్ పెట్టె తెరిచి అరుగు మీద కూర్చుంటే, పల్లెలో పెరిగిన పిల్లలు కాస్త దూరంగా నిలబడి చూస్తుంటారు. రమ్మని పిలిస్తే, "మాకు ఇంగ్లీషు రాదండి" అని వెనక్కి తగ్గుతారు. ఆ పిల్లల కొరకు, వారి తల్లిదండ్రుల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట ఆట సంగతి చూద్దాం. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా దేశపు ఆర్కిటెక్టు దీనిని తయారుచేశాడు. వార్తాపత్రికలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి, తరచుగా వచ్చే అక్షరానికి తక్కువ పాయింట్లు, అరుదుగా వచ్చేదానికి ఎక్కువ పాయింట్లు పెట్టాడు. 'ఇ' అక్షరానికి ఒకటే పాయింటు. 'క్యూ'కు, 'జెడ్'కు పదేసి. పలకపై 225 గళ్లు, మొత్తం 100 బిళ్లలు, ఒక్కొక్కరి చేతిలో ఏడేసి. 1948లో దీనికి స్క్రాబుల్ అనే పేరు వచ్చింది. ఈ ఆటలో గెలిచేవారు చక్కగా ఇంగ్లీషు మాట్లాడేవారే కానక్కరలేదు. ఎవరికీ తట్టని వింత మాటలు నేర్చుకున్నవారు గెలుస్తారు. అటువంటి మాటలు కొన్ని మన ఇంటి మాటలే!

వరి గట్లకు బొరియలు పెట్టి, గాదెలో ధాన్యం తినే పందికొక్కును ఎరుగని రైతు గోదావరి జిల్లాలలో ఉండడు. ఆ తెలుగు మాటే ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. బి-ఎ-ఎన్-డి-ఐ-సి-ఓ-ఓ-టి: తొమ్మిది అక్షరాలు, 14 పాయింట్లు. చేతిలో ఉండేవి ఏడు బిళ్లలే గనుక, పలకపై ఉన్న అక్షరాలను కలుపుకొని పేర్చాలి. ఈ పేరును తెల్లవారు ఆస్ట్రేలియాకు తీసుకువెళ్లి అక్కడి సంచి జంతువు ఒకదానికి పెట్టారు. 1996లో వచ్చిన ఒక వీడియో గేమ్ వీరునికి కూడా ఇదే పేరు. 2018లో కేరళ యువకులు, మనిషి మురుగు గోతిలోకి దిగే పని లేకుండా శుభ్రపరచే యంత్రాన్ని చేసి దానికీ బాండికూట్ అనే పేరే పెట్టారు. మనం కర్ర పట్టుకొని తరిమే జీవి పేరు ఎంత దూరం వెళ్లిందో చూడండి!

రెండవది 'పిట్టా'. పి-ఐ-టి-టి-ఎ: 7 పాయింట్లు. ఇది అచ్చంగా మన పిట్టే. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రంగురంగుల పక్షుల జాతి ఒకదానికి ఈ పేరును శాస్త్రీయనామంగా స్థిరపరచాడు. ఇదే స్పెల్లింగుతో ఇంగ్లీషులో మరొక మాట ఉంది. పరిశుద్ధ దేశంలోను, ఆ చుట్టుపక్కల దేశాలలోను తినే గుండ్రని రొట్టెను కూడా పిట్టా అంటారు. పలుకు ఒకటే గాని వాటి పుట్టుక వేరు.

మూడవది 'ఆనికట్'. ఎ-ఎన్-ఐ-సి-యు-టి: 8 పాయింట్లు. తమిళంలోని అణైకట్టు, మన ఆనకట్ట ఒకే కుటుంబపు మాటలు. ఇంగ్లీషువారు దానిని తమిళదేశంలో నేర్చుకున్నారు. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన కట్టడాన్ని ఆ మాటతోనే పిలిచారు. నేడు మనం తినే అన్నానికి, ఆ డిక్షనరీ మాటకు అంత దగ్గర సంబంధం ఉంది.

ఇక నాలుగవ మాట దగ్గర కొంచెం ఆగాలి. అది 'జెంటూ'. జి-ఇ-ఎన్-టి-ఓ-ఓ: 7 పాయింట్లు. నేటి డిక్షనరీలో ఇది దక్షిణ ధ్రువం వైపు మంచులో నడిచే ఒక పెంగ్విన్ పేరు. కాని ఒకప్పుడు అది మన పేరు! పోర్చుగీసువారు ఈ దేశపు హిందువులను 'జెంటియో' అన్నారు. అంటే అన్యజనుడు. ఇంగ్లీషువారు దానిని జెంటూగా మార్చి, మద్రాసు ప్రాంతంలో తెలుగువారికి, తెలుగు భాషకు వాడారు. 1816లో క్యాంబెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులో కూడా, ఈ భాషను సాధారణంగా జెంటూ అంటారన్న మాట ఉంది. మన అమ్మ భాషకు ఎవరో పెట్టిన పేరు అది.

ఆ పేరు ఎలా పోయింది? మన భాషను కూర్చుని నేర్చుకున్నవారి వలన పోయింది. 1818లో శ్రీరాంపురంలో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయింది. మచిలీపట్నంలోను, రాజమండ్రిలోను ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర పల్లెల మాటలు సైతం ఏరి 1852లో తెలుగు నిఘంటువు వెలువరించాడు. దగ్గరకు వచ్చి మాట నేర్చుకున్నవాడు మనలను మన పేరుతోనే పిలిచాడు. దూరంగా నిలబడినవాడు తనకు తోచిన పేరు పెట్టాడు.

ప్రియులారా, ఇది పాత చరిత్ర మాత్రమే కాదు. మన తాత ముత్తాతలను ఊరు ఏ పేర్లతో పిలిచిందో, వేలు చూపి "ఆ పేటోళ్లు" అని ఎలా అన్నదో మనలో చాలామందికి తెలుసు. అయినా మన ఇళ్లలో నేడు ఏమి వినిపిస్తున్నది? మార్కులు తక్కువ వచ్చిన కుమారుని "మొద్దు" అంటాము. రంగు తక్కువైన కుమార్తెను "నల్లపిల్ల" అంటాము. కాలు కుంటివాని పేరే మరచిపోతాము. తలిదండ్రులు పెట్టిన పేరు బాప్తిస్మపు రిజిస్టరులోనే ఉండిపోతుంది. పదిసార్లు విన్న పేరును పిల్లవాడు నమ్ముతాడు. "మాకు ఇంగ్లీషు రాదండి" అనే మాట కూడా అలాగే పుడుతుంది.

ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం తెరిచి చదవండి. ఒకప్పుడు అన్యజనులని పిలువబడినవారు క్రీస్తునందు దేవుని ఇంటివారయ్యారని అపొస్తలుడు వివరిస్తాడు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుస్తాడు.

ఈ నెలలో ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన తరువాత ఇలా చేయండి. పాత క్యాలెండరు వెనుకవైపు గళ్లు గీయండి. అట్టముక్కలు కత్తిరించి అక్షరాలు, పాయింట్లు వ్రాయండి. పై నాలుగు మాటలను పిల్లలకు నేర్పి, వాటి కథ చెప్పండి. చదువు రాని నాయనమ్మను పందికొక్కు గురించి అడగండి. ఆమెకు తెలిసినంత ఏ డిక్షనరీలోనూ దొరకదు. ఆటలో ఓడినవారిని ఎవరూ వెక్కిరించకూడదని ముందే నియమం పెట్టుకోండి.

ఈ ఆటకు మరొక నియమం ఉంది. మనుషుల పేర్లు అందులో చెల్లవు, వాటికి పాయింట్లు లేవు. మన ప్రభువు దగ్గర మాత్రం ప్రతి పేరూ చెల్లుతుంది. గనుక ఆట ముగిశాక మీ బిడ్డను దగ్గరకు తీసుకొని, పూర్తి పేరు పెట్టి పిలవండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక.