కట్టుబట్టలో నైక్యభావము

దేశాభిమాన మనగానే సభలు, తీర్మానములు, పతాకములు మనస్సునకు దోచుట సహజము. కాని యెంత గొప్ప యాశయమైనను వంటయింటిని, బట్టలపెట్టెను జేరువరకు జనుల జీవితమున వేరూనదు. సర్వాఫ్రికైక్యవాద చరిత్రము నీ దృష్టితో బరిశీలించిన, సోదరీమణులకు దెలిసికొనదగిన విషయములు గలవు.

ఆఫ్రికా ప్రజలును, పూర్వము బానిసలుగా సముద్రములు దాటింపబడినవారి సంతతియు నొక్క కుటుంబమే యనియు, ఒకరి మేలు మరియొకరి మేలుతో ముడివడియున్న దనియు నీ వాదము చెప్పును. 1900లో లండను నగరమున దీనికై తొలి సభ జరిగెను. 1945 అక్టోబరులో మాంచెస్టరున గూడిన యైదవ మహాసభ ప్రారంభ సమావేశమునకు ఏమీ ఆష్‌వుడ్ గార్వే యను వనిత యధ్యక్షత వహించెను. 1963 మే 25వ తేదీన స్వతంత్ర రాజ్యములు ఆడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యసంస్థను స్థాపించినవి. పెద్దల సభ లిట్లుండగా, గృహమునందలి వారు చేయదగిన దేమి? పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశ మీ ప్రశ్నకు బట్టతో సమాధానము చెప్పినది.

ఆ దేశమున బ్రత్తి విస్తారముగా బండును. కాని యందు జాలభాగము దూదిగానే విదేశములకు బోవును. అంతకంటె వింత యేమనగా, ఆఫ్రికా స్త్రీల వస్త్రమని లోకము తలచు రంగురంగుల మైనపు టద్దకపు బట్ట, జావాద్వీపపు బాతిక్ ననుసరించి హాలెండు మిల్లులలో బుట్టినది! పండించిన ప్రత్తియు బరులకే, బట్ట కొన్న సొమ్మును బరులకే. మన ఖద్దరు చరిత్ర మెరిగినవారి కిందలి బాధ వేరుగా జెప్ప నక్కరలేదు.

1983లో నధికారమునకు వచ్చిన తామస్ సంకరా, "ఫాసో దాన్ ఫానీ" యను దేశీయ వస్త్రమును ధరింపవలెనని ప్రభుత్వోద్యోగులకు విధించెను. జూలా భాషలో నా పేరునకు మాతృదేశపు నేతబట్ట యని యర్థము. పూర్వాచారమున స్త్రీలు నూలు వడకగా, పురుషులు సన్నని పట్టీలుగా నేయుదురు. ఆ పట్టీలను అంచున కంచు చేర్చి కుట్టుదురు. సంకరా కాలమున స్త్రీలు సంఘములుగా నేర్పడి, తామే మగ్గము చేపట్టిరి. 1987 జూలైలో ఐక్యసంస్థ సభయందు, తన బృందము ధరించిన బట్టలు తమ ప్రత్తితో దమ నేతగాండ్రు నేసినవే యని యాతడు సగర్వముగా జెప్పి, ఆఫ్రికావారు ఆఫ్రికా సరకునే వాడవలెనని కోరెను.

గృహిణి పాటును గూడ నాతడు మరువలేదు. 1984 సెప్టెంబరు 22వ తేదీన బురుషులే యంగడికి బోయి వెచ్చములు కొనవలెనని యేర్పాటు చేసెను. ధర లెట్లున్నవో, ఇల్లాలు దినదినము పడు కష్ట మెట్టిదో వారికిని దెలియవలెను గదా!

అయినను, ఆజ్ఞచే నాదరము పుట్టదు. నేతబట్ట వెల యధికమని గొణిగినవారు గలరు. కొంద రొక జత బట్టలు కార్యాలయమున దాచియుంచి, నాయకుడు వచ్చు సమయమున మాత్రము తొడుగుకొనెడివారట. అందుచే నా బట్టకు "సంకరా వచ్చుచున్నాడు" అను నెగతాళి పేరు వచ్చెను. 1987 అక్టోబరు 15వ తేదీన సంకరా హతుడయ్యెను. పిదప నాజ్ఞ సడలెను. ఆ వస్త్రమున కాదరణయు దగ్గెను. కాని నేత నేర్చిన స్త్రీలకు మగ్గము జీవనాధారమై నిలిచినది. ఇటీవలి సంవత్సరములలో మహిళాదినోత్సవములందును, పెండ్లిండ్లయందును ఆ వస్త్రమునకు మరల గౌరవము కలిగినది.

భయమున ధరించిన బట్ట భయముతోనే పోవును. నేయువారి చేతికి గూలియు, కట్టువారి మనస్సునకు దృప్తియు గూర్చిన బట్ట నిలుచును. మనమును బట్ట కొనునప్పుడు రంగు, అంచు చూచుటతో దనివి నొందక, దీని నెవరు పండించిరి, ఎవరు నేసిరి, మన సొమ్ము తుద కెవరి యింటికి జేరునని విచారింపవలెను. సోదరభావము ప్రసంగములలో మాత్రమే కాక, నిత్యవ్యయముల పద్దులో గూడ గనబడవలసియున్నది.