సర్వర్‌కూ నాడి ఉంటుంది!

పరీక్షా ఫలితాల రోజు. మార్కాపురంలో ఓ నెట్ సెంటర్. హాల్‌టికెట్ నంబరు కొట్టి పది నిమిషాలైంది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. అమ్మాయి గుండె దడదడ. ఆఖరికి నిర్వాహకుడు రెండే ముక్కలు చెబుతాడు... 'సర్వర్ డౌన్!'

గిద్దలూరులో అడంగల్ కాపీ కోసం పొలం పని మానుకుని వచ్చిన రైతు వినేదీ ఆ మాటే. బస్సు చార్జీ, ఆ పూట పనీ రెండూ పోయినట్టే.

ఇంతకీ సర్వర్ ఉన్నట్టుండి కుప్పకూలుతుందా? చాలాసార్లు కాదు. జ్వరం వచ్చేముందు ఒళ్లు వెచ్చబడ్డట్టు, దానికీ ముందే కొన్ని లక్షణాలు కనిపిస్తాయి. వాటిని చదవడం తెలియాలి, అంతే!

చెరువు చెప్పే పాఠం

కంభం చెరువు తెలిసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన చెరువది. వానాకాలంలో నీళ్లెన్ని ఉన్నాయో ఒక్కటే చూస్తే సరిపోదు. పైనుంచి ఎంత వస్తోంది, తూముల్లోంచి ఎంత పోతోంది, అలుగు పారడానికి ఇంకెంత ఉంది... అన్నీ చూడాలి.

సర్వరూ అంతే. గూగుల్ ఇంజినీర్లు తమ అనుభవాలతో 2016లో తెచ్చిన పుస్తకంలో ముఖ్యంగా నాలుగు కొలతలు చూడమన్నారు. జవాబివ్వడానికి ఎంతసేపు పడుతోంది? ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయి? వాటిలో ఎన్ని విఫలమవుతున్నాయి? ప్రాసెసర్, మెమరీ, డిస్క్ ఎంతవరకు నిండాయి?

సగటును నమ్మొద్దు

వందమంది పేజీ తెరిచారు. 95 మందికి 0.2 సెకన్లలో వచ్చింది. అయిదుగురికి 20 సెకన్లు పట్టింది. సగటు చూస్తే 1.2 సెకన్లే. 'భేష్' అనిపిస్తుంది. కానీ ఆ అయిదుగురి అవస్థ సగటులో కనిపించదు. అందుకే నిపుణులు అందరికంటే ఆలస్యంగా జవాబు అందినవాళ్ల సమయాన్ని విడిగా చూస్తారు.

'నెలలో 99.9 శాతం పనిచేశాం' అన్న లెక్కా అలాంటిదే. 30 రోజుల్లో మిగిలే ఆ 0.1 శాతం అంటే 43 నిమిషాలు. అర్ధరాత్రి అయితే ఎవరికీ పట్టదు. అవే నిమిషాలు ఫలితాలు విడుదలైన వెంటనే వస్తే..?

భయపెట్టే అంకెలు, మాయచేసే అంకెలు

ఖాళీ మెమరీ తక్కువగా కనిపించగానే కంగారు పడక్కర్లేదు. లినక్స్ సర్వర్లు ఖాళీగా ఉన్న మెమరీని ఫైళ్లు దాచుకోవడానికి వాడుకుని, అవసరమైతే వదిలేస్తాయి. 'అందుబాటులో ఉన్నది' ఎంతో చూడాలి.

లోడ్ కింద మూడు అంకెలు కనిపిస్తాయి... గత 1, 5, 15 నిమిషాలవి. నాలుగు కోర్లున్న యంత్రానికి లోడ్ 4 అంటే దాదాపు చేతినిండా పని. మొదటి అంకె చివరిదానికంటే బాగా ఎక్కువుంటే భారం పెరుగుతోందని అర్థం.

రద్దీ ఉండాల్సిన వేళ రిక్వెస్టులు బాగా తగ్గిపోయాయా? సర్వర్ హాయిగా ఉందని మురిసిపోకండి. జనం అక్కడిదాకా చేరలేకపోతున్నారేమో!

కాబట్టి 'ఆరోగ్యకరమైన అంకె' అంటూ అందరికీ ఒకటే ఉండదు. మామూలు సోమవారం ఎలా ఉంటుందో, నెల మొదటి తారీఖు ఎలా ఉంటుందో కొన్ని వారాలపాటు రాసి పెట్టుకోవాలి. దాన్నిబట్టే తేడా తెలిసేది. పెద్దరోజుకు ముందే ఉత్తుత్తి రద్దీ సృష్టించి పరీక్షించాలి. సర్వర్ గదిలో కూర్చుని చూస్తే చాలదు. బయట, గిద్దలూరులాంటి ఊళ్లో ఫోన్‌లోనూ తెరిచి చూడాలి.

మీరూ కనిపెట్టొచ్చు

ఏ సైటూ తెరుచుకోకపోతే తప్పు బహుశా మీ లైనుదే. మిగతావన్నీ వస్తూ అదొక్కటే రాకుంటే, పైగా 500, 503 లాంటి అంకె కనిపిస్తే తంటా అవతలివైపే. 503 అంటే 'ఇప్పుడు సేవ అందించలేను' అని. మాటిమాటికీ రిఫ్రెష్ నొక్కితే దాని భారం పెరుగుతుందే కానీ తగ్గదు. కాసేపాగి ప్రయత్నించడమే మేలు.

మార్కాపురం పలకలకు పేరుమోసిన ఊరు. సర్వర్‌ను చూసుకునేవాళ్లు రోజూ ఆ నాలుగు కొలతలనూ ఓ పలక మీద రాసుకున్నా చాలు... ఫలితాల రోజున ఏ అమ్మాయీ తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాల్సిన పని తప్పుతుంది!