రెండు దారులు, ఒకే ద్వారం: ఇంటి ఫైర్‌వాల్‌కు రెండు ఇంటర్నెట్ లైన్లు

విదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఇంటర్నెట్ నేడు విలాస వస్తువు కాదు. నీరు, విద్యుత్తు వంటి నిత్యావసరం. ఇంటినుండే ఉద్యోగం చేసే దంపతులు, కంప్యూటరు ముందు కూర్చొని పాఠాలు వినే పిల్లలు, స్వగ్రామంలోని తల్లిదండ్రుల ముఖాలను కళ్ళకు కట్టే వీడియో కాల్స్, ఇవన్నీ ఇంటిలోనికి వచ్చే ఒక్క తీగపై ఆధారపడి ఉన్నాయి. ఆ తీగ తెగిననాడు ఇంటిల్లిపాదికీ చేతులు కట్టివేసినట్లవుతుంది. ఆసుపత్రిలో ఉన్న తండ్రిగారి గురించి డాక్టరు మాట్లాడదలచిన రాత్రే అది తెగవచ్చును. అప్పుడు రెండవ లైను కోసం వెదకడం ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వడం వంటిది.

రెండు లైన్లు తీసుకొని, రెండింటినీ ఒకే ఫైర్‌వాల్‌కు కలిపే పద్ధతి ఒకప్పుడు పెద్ద కార్యాలయాలకే పరిమితమై ఉండేది. నేడది సామాన్య గృహాలకు కూడా అందుబాటులోకి వచ్చింది. అయితే రెండు బిల్లులు చెల్లించినంత మాత్రాన రెండు దారులు ఏర్పడవు. ఎందుకో పరిశీలిద్దాం.

అనేక దారుల వల, ఒంటి దారి ఇల్లు

శత్రువుల దాడిలో కొన్ని కేంద్రాలు నాశనమైనా మిగిలినవి పరస్పరం మాట్లాడుకోగల సమాచార వ్యవస్థను నిర్మించడం సాధ్యమా? అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పనిచేసిన పాల్ బారన్ ఈ ప్రశ్నకు 1964లో ప్రచురించిన నివేదికలలో సమాధానం చెప్పాడు. అన్నింటికీ ఒకే కేంద్రం ఉండరాదు. చేపల వల వలె ప్రతి ముడి నుండి అనేక ముడులకు దారులుండాలి. సందేశాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించి, తెరచి ఉన్న దారి గుండా పంపాలి. కనీస అవసరానికి మూడు నాలుగు రెట్లు దారులుంటే అటువంటి వల ఎంతో దృఢంగా నిలుస్తుందని ఆయన లెక్కలు తేల్చాయి. 1969లో నాలుగు కేంద్రాలతో ఆరంభమైన ఆర్పానెట్ ఆ ముక్కల పద్ధతినే అనుసరించింది. నేటి ఇంటర్నెట్ దాని సంతతియే. ఆ ముక్కలనే ప్యాకెట్లు అంటున్నాము.

కనుక హ్యూస్టన్ నుండి హైదరాబాదుకు దారులు అనేకం. కాని మన ఇంటి నుండి కంపెనీవారి సమీప కేంద్రం వరకు ఉన్న దారి మాత్రం సాధారణంగా ఒక్కటే. వల ఎంత గట్టిదైనా, దానికి మనలను కలిపే పోగు ఒంటిది. రెండవ లైను తీర్చవలసిన లోటు ఇదే.

ద్వారపాలకుని పని

ఒక భవనంలో రేగిన మంట ప్రక్క భవనానికి ప్రాకకుండా మధ్యలో కట్టే గోడకు ఫైర్‌వాల్ అని పేరు. కంప్యూటర్ల ప్రపంచంలో ఇది ద్వారపాలకుని వంటి యంత్రం. లోపలినుండి ఎవరు బయలుదేరారో ఒక పట్టికలో వ్రాసుకొంటుంది. వారికి వచ్చే జవాబులను లోనికి రానిస్తుంది. పిలవని పేరంటాలను గుమ్మంలోనే ఆపుతుంది. ఇంటిలోని ఫోన్లకు, కంప్యూటర్లకు లోపల మాత్రమే చెల్లే చిరునామాలుంటాయి. అవి బయటికి వెళ్ళేటప్పుడు వాటి స్థానంలో కంపెనీ ఇచ్చిన బహిరంగ చిరునామాను ఉంచి పంపడం కూడ సాధారణంగా ఈ యంత్రం పనియే. ఈ చిరునామాల మార్పిడి పద్ధతిని వివరించిన పత్రం 1994లో వెలువడింది.

రెండు లైన్లు ఉన్నప్పుడు ద్వారపాలకునికి ఇంకొక బాధ్యత చేరుతుంది: ఏ ప్యాకెట్టును ఏ దారిన పంపాలో నిర్ణయించడం. ఇందుకు రెండు విధానాలున్నవి. మొదటిది, ఒక లైనును ప్రధానంగా వాడుతూ, అది చెడినప్పుడే రెండవ దానికి మారడం. రెండవది, రెండింటికీ సమాన స్థానమిచ్చి పనిని పంచడం. మొదటి విధానంలో వేగం పెరగదు గాని వ్యవహారం సరళంగా ఉంటుంది. గృహాలకు అదే మేలు.

రెండు పడవల ప్రయాణం కుదరదు

చెరి వంద మెగాబిట్ల లైన్లు రెండు ఉంటే ఒక సినిమాను రెండు వందల వేగంతో దింపుకోవచ్చునని కొందరు భావిస్తారు. సాధారణ ఫైర్‌వాల్‌పై ఇది జరగదు. మన యంత్రం చిరునామా, దాని పోర్టు సంఖ్య, అవతలి యంత్రం చిరునామా, దాని పోర్టు సంఖ్య, ఈ నాలుగింటిని బట్టి ఒక సంభాషణ గుర్తింపబడుతుంది. లైను మారితే బహిరంగ చిరునామా మారుతుంది. అవతలివారికి అది ఎవరో అపరిచితుని మాటగా తోస్తుంది. కనుక ఒక సంభాషణ ఏ పడవ ఎక్కిందో ఆ పడవలోనే తీరం చేరాలి. ఇంటిలో ఐదుగురు ఐదు పనులు చేస్తున్నప్పుడు మాత్రం వాటిని రెండు పడవలకు పంచవచ్చును.

ఈ కారణంచేతనే, ప్రధాన లైను తెగిన క్షణంలో జరుగుతున్న కాల్ ఆగిపోయి మరల కలవవలసి రావచ్చును. పాత సంభాషణల పట్టికను వెంటనే తుడిచివేయమని ఫైర్‌వాల్‌కు చెప్పి ఉంచితే, యంత్రాలు మూతపడిన దారిని పట్టుకొని వ్రేలాడకుండా త్వరగా కొత్త దారికి వస్తాయి. పని పంచే విధానాన్ని ఎంచుకొన్నవారు బ్యాంకు వ్యవహారాలను, ఆఫీసు వి.పి.ఎన్.ను ఒకే లైనుకు కట్టివేయడం మంచిది.

నాడి పట్టే విద్య

లైను చనిపోయినదని ఫైర్‌వాల్‌కు ఎట్లా తెలుస్తుంది? మోడెమ్‌పై దీపాలు వెలుగుతూ ఉండగానే వీధి చివర తీగ తెగి ఉండవచ్చును. కనుక ఫైర్‌వాల్ దూరాన ఉన్న ఒక చిరునామాకు క్షణక్షణం చిన్న ప్యాకెట్టును పంపి, ప్రతిధ్వని కోసం వేచి చూస్తుంది. ఈ పరీక్షకు పింగ్ అని పేరు. జలాంతర్గాములు వాడే సోనార్ ధ్వనిని తలపిస్తున్నదని, 1983లో దీనిని వ్రాసిన మైక్ మూస్ ఆ పేరు పెట్టాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. పరీక్షకు కంపెనీవారి సమీప యంత్రాన్ని ఎంచుకొంటే, దానికి ఆవల దారి మూసుకుపోయినా అది బదులు పలుకుతూనే ఉంటుంది. కనుక ఇంకా దూరాన ఉన్న స్థిరమైన చిరునామాను, ఒక్కొక్క లైనుకు ఒక్కొక్కటిగా ఎంచుకోవాలి. రెండవది, ఒకటి రెండు ప్యాకెట్లు పోయినంత మాత్రాన దారి మార్చే ఏర్పాటు ఉండరాదు; ఉంటే వాన చినుకు పడినప్పుడల్లా ఇల్లు అటూ ఇటూ ఊగుతుంది.

పేర్లు రెండు, దారి ఒకటి

అన్నింటికంటె ముఖ్యమైన విషయమిది. 2001 జూలై 18న బాల్టిమోరు నగరంలో హోవర్డ్ వీధి క్రింది సొరంగంలో గూడ్సు రైలు పట్టాలు తప్పి మంటలు రేగాయి. ఆ సొరంగం గుండానే పోతున్న ఫైబర్ తీగలు కాలిపోగా, ఒకటికి మించిన కంపెనీల ఇంటర్నెట్ సేవలు ఒక్కసారే దెబ్బతిన్నాయి. కంపెనీలు వేరైనా సొరంగం ఒక్కటే! 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో రెండు సముద్రగర్భ కేబుళ్ళు తెగినప్పుడు గల్ఫ్ దేశాలలోను, భారతదేశంలోను ఇంటర్నెట్ బాగా మందగించింది. అటువంటి విఘాతాన్ని ఇంటిలోని ఏ యంత్రమూ సరిచేయలేదు.

కెనడా అనుభవం మన గృహాలకు మరింత దగ్గరిది. 2022 జూలై 8న రోజర్స్ కంపెనీ తన వ్యవస్థలో చేసిన ఒక మార్పు వికటించి, ఇళ్ళ ఇంటర్నెట్, సెల్‌ఫోన్లు రెండూ ఒకేసారి మూగవోయాయి. రెండింటికీ మూలమైన కేంద్ర వ్యవస్థ ఒక్కటే కావడమే కారణం. ఇంటిలో రోజర్స్ లైను, చేతిలో రోజర్స్ ఫోను ఉన్నవారికి దారులు రెండనిపించినా నిజానికి ఉన్నది ఒక్కటే. ఇంటెరాక్ డెబిట్ చెల్లింపుల వ్యవస్థ సైతం ఆనాడు దేశవ్యాప్తంగా స్తంభించింది.

కనుక రెండవ లైనును ఎన్నుకొనేటప్పుడు చూడవలసినది వేగమూ కాదు, ధరా కాదు, భిన్నత్వం. మొదటిది భూమిలోని ఫైబర్ అయితే రెండవది వేరొక కంపెనీ సెల్ టవరు ద్వారానో, ఉపగ్రహం ద్వారానో వచ్చేది కావడం ఉత్తమం. ఒకే స్తంభంపై ప్రక్కప్రక్కనే వ్రేలాడే రెండు తీగలను ఒకే చెట్టుకొమ్మ తెంపగలదు.

పాటించవలసినవి

రెండవ లైను రెండవ గుమ్మం కూడా. మొదటి దానికి విధించిన కాపలా నియమాలన్నీ దీనికీ విధించాలి. సెల్ లైనుకు డేటా పరిమితి ఉంటే, ఫోటోల బ్యాకప్, సినిమాలు వంటివి ఆ దారిన పోకుండా నిషేధించాలి; లేకుంటే నెలకు సరిపడే డేటా ఒక్క రాత్రిలో హరించుకుపోతుంది. సెల్ కంపెనీలు తరచుగా ఒకే బహిరంగ చిరునామాను అనేకులకు పంచుతాయి కనుక, బయటినుండి ఇంటి కెమెరాను నేరుగా చేరడం ఆ లైనుపై కుదరకపోవచ్చును.

కరెంటు పోతే రెండు దారులూ వ్యర్థమే. మోడెములకు, ఫైర్‌వాల్‌కు ఒక చిన్న యు.పి.ఎస్. అమర్చాలి. దారులు రెండైనా ద్వారం ఒక్కటేనని కూడ మరువరాదు: ఫైర్‌వాల్ చెడితే అంతా ఆగిపోతుంది. దాని అమరికల ప్రతిని వేరొక చోట భద్రపరచుకోవాలి.

చివరిగా, మూడు నెలలకొకసారి ఒక సెలవుదినాన ప్రధాన లైను తీగను చేతితో ఊడదీసి చూడండి. ఇల్లు ఎంతసేపటిలో రెండవ దారికి మారినదో, స్వదేశంలోని పెద్దలకు కాల్ కలిసినదో లేదో గమనించండి. తీగను మరల తగిలించి, అంతా యథాస్థానానికి వచ్చినదో లేదో కూడ చూడండి. ఈ పరీక్షకు పట్టేది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు వెచ్చించిన ఇంటికే నిజంగా రెండు దారులున్నట్లు లెక్క.