ధ్రువవృత్తమునకు పైనున్న గ్లిమ్ట్ సంఘము

నార్వే దేశమున ఉత్తర ధ్రువవృత్తమునకు పైనున్న బోడో పట్టణములో 1916వ సంవత్సరమున నొక క్రీడాసంఘము వెలసెను. దాని పేరు గ్లిమ్ట్, అనగా మెఱుపు. ఉత్తరప్రాంతపు ఫుట్‌బాల్ జట్లకు దేశపు కప్పు పోటీలలో 1963 వఱకు ప్రవేశము లేకుండెను. పైతరగతి లీగునకు 1972లో గాని ద్వారము తెఱువబడలేదు. అటుపిమ్మటను వారికి అదనపు పందెములు విధించిరి. ఒకే దేశపు జట్లకు రెండు నియమము లేల యని మేమడుగుదుము. 1975లో కప్పు గెలిచినను గ్లిమ్ట్ రెండవ తరగతిలోనే యుండెను. 1977లో గాని పైతరగతిలో నాడలేదు.

ఆ దేశమున క్రీడాసంఘముపై అధికారము సభ్యులది, ధనికులది కాదు. సంఘమునకై సభ్యులు కూలి లేకయే కలసి పనిచేయుదురు. దానిని దూగ్నాడ్ అందురు.

2020లో గ్లిమ్ట్ మొదటిసారి లీగు గెలిచెను. మఱుసటి యేడు తన యాటస్థలముననే ఇటలీదేశపు రోమా జట్టును 6–1 గోలులతో నోడించెను. ఓడిన జట్టునకు నాటి శిక్షకుడు జగత్ప్రసిద్ధుడైన జోసే మొరీన్యో.